తక్కువ ధర మదర్‌బోర్డు: ఎవరికి తగును, ఎవరికి తగదు

ప్రశ్న: కొత్తగా ఒక కంప్యూటర్ సమకూర్చుకుంటున్నాను. ప్రాసెసర్‌గా ఇంటెల్ ఐ5-12400 తీసుకోవాలని నిశ్చయించుకున్నాను కానీ మదర్‌బోర్డు దగ్గర ఆగిపోయాను. అంతగా పేరు వినబడని ఒక కంపెనీ హెచ్610 బోర్డు, పేరున్న కంపెనీ హెచ్610 బోర్డు ధరలో మూడింట రెండు వంతులకే వస్తోంది. రెండింటి వివరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివినా నాకు తేడా కనిపించడం లేదు. ఇంటి లెక్కలు, పిల్లల చదువు, ఫోటోలు దిద్దుకోవడం, అప్పుడప్పుడు ఆటలు, ఇవే ప్రస్తుతం నా అవసరాలు. రెండు మూడేళ్ల తర్వాత 13వ తరం ఐ7 వేసుకుని వీడియో ఎడిటింగ్ నేర్చుకోవాలని కూడా ఉంది. ఆ చౌక బోర్డు ఆ ధరకు తగినదేనా? మదర్‌బోర్డు దగ్గర మాత్రం పిసినారితనం చేయవద్దని మిత్రులు హెచ్చరిస్తున్నారు.

సమాధానం: ముందుగా నేరుగా జవాబు చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. ఐ5-12400తోనే ఐదారేళ్లు గడిపే ఉద్దేశం మీకు ఉంటే, కింద చెప్పబోయే కొన్ని విషయాలు సరిచూసుకున్నాక ఆ చౌక బోర్డును నిశ్చింతగా కొనుక్కోవచ్చు. దానికి పెట్టిన డబ్బు వృథా కాదు. అయితే ఉత్తరం చివర మీరు రాసిన ఐ7 కోరిక గట్టిదే అయితే, ఆ చౌక బోర్డే కాదు, దాని పక్కన పెట్టి చూస్తున్న పేరున్న కంపెనీ బోర్డు కూడా మీకు సరిపోదు. అప్పుడు మీరు చూడవలసింది అదే చౌక కంపెనీ తయారుచేసే, హెచ్610 కన్నా ఒక మెట్టు పైనున్న బీ660 లేదా బీ760 బోర్డులను. పేరున్న కంపెనీ అట్టడుగు బోర్డుకు పెట్టే డబ్బుతోనో, ఇంకొంచెం కలిపితేనో, పేరు తక్కువ కంపెనీ మధ్యస్థాయి బోర్డు చాలాసార్లు వచ్చేస్తుంది, ఆ రెండింటిలో నేనైతే రెండోదే ఎంచుకుంటాను. చాలామందికి ఈ మాట రుచించదు కాబట్టి ఎందుకు అంటున్నానో వివరించాలి.

మదర్‌బోర్డు మీద ఏ కంపెనీ పేరు అచ్చువేసి ఉన్నా, దాని మీద కూర్చునే ముఖ్యమైన చిప్‌లలో చాలావరకు ఆ కంపెనీవి కావు. ప్రాసెసర్‌నూ మిగతా భాగాలనూ కలిపే చిప్‌సెట్ (హెచ్610, బీ660 అనేవి దాని పేర్లే) ఇంటెల్‌దో ఏఎండీదో అవుతుంది. శబ్దానికీ నెట్‌వర్కుకూ సంబంధించిన చిప్‌లు చౌక బోర్డుల్లో ఎక్కువగా రియల్‌టెక్‌వి, ఫ్యాన్ల వేగాన్నీ ఉష్ణోగ్రతలనూ కనిపెట్టుకుని ఉండే సూపర్ ఐవో చిప్ నువోటన్‌దో ఐటీఈదో, కంప్యూటర్‌ను మొదలుపెట్టే బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్ అయిన బయోస్‌కు మూలమైన కోడు చాలావరకు ఏఎంఐ సంస్థది. ఇవన్నీ పేరున్న కంపెనీ బోర్డులోనూ ఇంచుమించు ఇవే. మీరు రెండు పట్టికలు పక్కపక్కన పెట్టినా తేడా కనిపించకపోవడానికి కారణం ఇదే. చౌక కంపెనీ అనగానే నిన్నగాక మొన్న పుట్టిన కంపెనీ అనుకోవడం కూడా సరికాదు. బయోస్టార్ 1986లో, ఈసీఎస్ 1987లో మొదలైనవి. ఈనాడు నలుగురూ నమ్మకంగా కొనే ఏస్‌రాక్ 2002లో పుట్టినప్పుడు ఆసుస్ తన చౌక బోర్డుల కోసం ఏర్పాటు చేసుకున్న విభాగమే.

అలాగైతే ధరలో ఆ మూడో వంతు ఎక్కడ తగ్గింది? పట్టికలో కనిపించని చోట్ల తగ్గింది. ప్రాసెసర్‌కు విద్యుత్తు అందించే భాగం, బోర్డు పలకలోని రాగి పొరలు, కెపాసిటర్ల నాణ్యత, బయోస్ మీద పనిచేసే ఇంజనీర్ల సంఖ్య, అమ్మిన తర్వాత పట్టించుకునే తీరు, వీటిలోనే కంపెనీ తన సొంత నిర్ణయాలు తీసుకుంటుంది, పొదుపు చేసేదీ వీటిలోనే. కొన్ని పొదుపులు మీకు ఏమాత్రం తగలవు, మరికొన్ని మూడేళ్ల తర్వాత తగులుతాయి.

ముందుగా విద్యుత్తు సంగతి చూద్దాం, ఎందుకంటే అసలు విషయమంతా ఇక్కడే ఉంది. కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె అయిన ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకు వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కు కావలసింది సుమారు ఒకటి, ఒకటింబావు వోల్టు మాత్రమే. ఈ మార్పు చేసే భాగాన్ని వీఆర్‌ఎం అంటారు. ఇందులోని మాస్‌ఫెట్లు అనే చిన్న స్విచ్‌లు సెకనుకు కొన్ని లక్షల సార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే, ఆ ముక్కలు ముక్కలైన విద్యుత్తును చోక్‌లూ కెపాసిటర్లూ సాపు చేసి ప్రాసెసర్‌కు అందిస్తాయి. ఐ5-12400 గరిష్ఠంగా 117 వాట్లు తీసుకుంటుందని ఇంటెల్ చెబుతుంది. 1.2 వోల్టుల దగ్గర లెక్క కడితే అది 97 ఆంపియర్లు. మీరు తర్వాత వేయాలనుకుంటున్న ఐ7-13700 గరిష్ఠం 219 వాట్లు, అదే వోల్టేజి దగ్గర 182 ఆంపియర్లు. విద్యుత్తు ప్రవాహం రెండింతలకు కొంచెం తక్కువగా పెరిగింది కదా అని తేలికగా తీసుకోకూడదు. నిరోధం వల్ల పుట్టే వేడి ప్రవాహం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే మాస్‌ఫెట్ల మీద ఆ వేడి మూడు రెట్లు దాటి మూడున్నర రెట్ల వరకు వెళ్తుంది. అందుకే ఒకే బోర్డు ఒక ప్రాసెసర్‌కు హాయిగా సరిపోయి, అదే సాకెట్‌లో కూర్చునే మరో ప్రాసెసర్‌కు చాలకుండా పోతుంది. సాకెట్‌లో సరిపోవడం వేరు, ఆ ప్రాసెసర్‌ను పూర్తి శక్తితో నడపగలగడం వేరు. ఈ తేడా ఏ అట్టపెట్టె మీదా రాసి ఉండదు.

వేడి హద్దు దాటితే సాధారణంగా బోర్డు కాలిపోదు. మాస్‌ఫెట్లు వంద డిగ్రీల సెల్సియస్ దాటి ఇంకా పైకి పోతుంటే బోర్డు తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్‌ను నెమ్మదింపజేస్తుంది. మీకు కనిపించేది ఇంతే: వీడియో ఎక్స్‌పోర్టు మొదటి రెండు నిమిషాలు చురుగ్గా సాగి, ఆ తర్వాత నీరసపడుతుంది. ఐ7 డబ్బు పోసి కొని ఐ5 వేగం అనుభవించడమే అది. చాలామంది కూలర్ సరిపోలేదనుకుని దాన్ని మారుస్తారు, ఫలితం ఉండదు.

ఈ భాగం ఎలా ఉందో తెలుసుకోవడానికి ఇంజనీరు కానక్కరలేదు, బోర్డు ఫోటో ఒకటి పెద్దగా చేసి చూస్తే చాలు. ప్రాసెసర్ సాకెట్‌కు ఎడమ పక్కన, కొన్నింటిలో పైన కూడా, బూడిద రంగు చిన్న దిమ్మెలు వరుసగా ఉంటాయి, పైన ‘ఆర్30’ వంటి గుర్తు ఉంటుంది. అవే చోక్‌లు. ఒక్కో చోక్‌ను ఒక్కో ఫేజ్ (విద్యుత్తు అందించే ఒక దారి) అనుకుని లెక్కపెట్టండి. వాటిలో ఒకటి రెండు ప్రాసెసర్ కోర్లకు కాక లోపలి గ్రాఫిక్స్‌కూ ఇతర భాగాలకూ పోతాయని తీసివేసుకోండి. కోర్లకు నాలుగు మిగిలితే 12400కు చాలు. వాటి పక్కనే నల్లటి చదునైన మాస్‌ఫెట్లు ఉంటాయి. వాటి మీద లోహపు హీట్‌సింక్ ఉందా, లేక చిప్‌లు బట్టబయలుగా ఉన్నాయా చూడండి. హీట్‌సింక్ ఉంటే దాన్ని స్క్రూలతో బిగించారా, ప్లాస్టిక్ పిన్నులతో గుచ్చారా అన్నది బోర్డు వెనుక వైపు ఫోటోలో తెలుస్తుంది. స్క్రూలు ఉంటే ఒత్తిడి సమంగా పడి వేడి బాగా దిగుతుంది. ఇంకో గుర్తు, పైమూలన ప్రాసెసర్ కోసం ఉండే పవర్ కనెక్టర్. నాలుగు పిన్నులే ఉంటే ఆ తయారీదారు చిన్న ప్రాసెసర్లను మాత్రమే మనసులో పెట్టుకున్నాడని అర్థం. ఎనిమిది పిన్నులు ఉన్నంత మాత్రాన బోర్డు గట్టిదని చెప్పలేము కానీ, నాలుగు పిన్నుల బోర్డులో ఐ7 వేయాలన్న ఆలోచన మానుకోవాలి. ప్రకటనల్లో ఎనిమిది ఫేజ్‌లు, పది ఫేజ్‌లు అని రాసే సంఖ్యను నేను పెద్దగా నమ్మను. ఒకే సంకేతానికి రెండేసి జతలు తగిలించి రెండింతలు లెక్కచెప్పే అలవాటు పెద్ద కంపెనీలకూ ఉంది.

ఇప్పుడు మీ ముందున్న రెండు హెచ్610 బోర్డులనూ ఇలా చూడండి. చాలావరకు రెండూ ఒకేలా కనిపిస్తాయి: ఆరేడు చోక్‌లు, హీట్‌సింక్ లేని మాస్‌ఫెట్లు, రెండు ర్యామ్ స్లాట్లు. పేరున్న కంపెనీ కూడా తన అట్టడుగు బోర్డులో పొదుపు చేయకుండా ఉండదు, ఆ పొదుపును తన పేరుతో కప్పుకోగలదంతే. అందువల్లనే హెచ్610కు హెచ్610 పోల్చినప్పుడు మూడో వంతు అదనంగా పెట్టడానికి నాకు బలమైన కారణం కనిపించదు. హెచ్610 చిప్‌సెట్ పెట్టే హద్దులు కూడా రెండు కంపెనీలకూ ఒక్కటే. ర్యామ్‌ను నిర్ణీత వేగానికి మించి నడపనివ్వదు, ర్యామ్ స్లాట్లు రెండుకు మించి ఉండవు, ప్రాసెసర్ నుంచి ఎస్‌ఎస్‌డీకి నేరుగా వెళ్లవలసిన పీసీఐఈ 4.0 అనే వేగమైన డేటా దారి తెరుచుకోదు, చిప్‌సెట్ ద్వారా వచ్చే, దానికన్నా నెమ్మదైన పీసీఐఈ 3.0తోనే సరిపెట్టుకోవాలి. ఇది చదివి కంగారుపడకండి. పీసీఐఈ 3.0 మీద కూడా మంచి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ సెకనుకు 3,000 మెగాబైట్లకు పైగా చదవగలదు, మీరు చెప్పిన పనుల్లో ఆ తేడా కంటికి ఆనదు. రెండే స్లాట్లు ఉన్నాయి కాబట్టి మాత్రం ర్యామ్ ఒకేసారి సరిపడా తీసుకోండి, అదీ రెండు సమానమైన స్టిక్‌లుగా. ఒకే స్టిక్ వేస్తే ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఉన్న రెండు దారుల్లో (చానెళ్లలో) ఒక్కటే పనిచేస్తుంది. మీరు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీదే ఆటలు ఆడేటట్లయితే ఆ లోటు స్పష్టంగా తెలుస్తుంది.

మిత్రుల హెచ్చరిక వెనుక ఒక పాత భయం ఉందనుకుంటాను, అది నిరాధారమైనది కాదు. 1990ల చివరి నుంచి 2000ల మధ్య వరకు లోపం ఉన్న ఎలక్ట్రోలైట్‌తో తయారైన కెపాసిటర్లు లెక్కలేనన్ని బోర్డులను పాడుచేశాయి. ఆ రోజుల్లో రెండేళ్లు కూడా నిండని బోర్డు ఒకటి నా ముందుకు వచ్చింది. కంప్యూటర్ ఒక్కోసారి మొదలయ్యేది, ఒక్కోసారి అయ్యేది కాదు. మూత తీసి టార్చి వేస్తే సాకెట్ పక్కనున్న ఐదు కెపాసిటర్లలో మూడింటి పైకప్పు బొడ్డులా ఉబ్బి ఉంది. తయారీలోనే ఆ కప్పు మీద గీసి ఉంచే ప్లస్ ఆకారపు గాటు ఒకదానిలో విచ్చుకుని, ఆరిపోయిన గోధుమరంగు పొక్కు అంచున పేరుకుని ఉంది. అప్పుడు దెబ్బతిన్నవి చౌక బోర్డులు మాత్రమే కావు, పెద్ద పెద్ద కంపెనీల కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. ఈనాటి బోర్డుల్లో ప్రాసెసర్ చుట్టూ ఉండేవి చాలావరకు ఘన పాలిమర్ కెపాసిటర్లు, వాటిలో ఉబ్బి కారడానికి ద్రవమే ఉండదు. అయినా బోర్డులో మిగతా చోట్ల, ముఖ్యంగా శబ్దానికి సంబంధించిన మూలలో, ద్రవ ఎలక్ట్రోలైట్ కెపాసిటర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటికి ఒక మోటు లెక్క ఉంది: ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు సుమారు రెండింతలవుతుంది. 105 డిగ్రీల దగ్గర 5,000 గంటలకు హామీ ఉన్న కెపాసిటర్, 85 డిగ్రీల దగ్గర 20,000 గంటలు, 65 డిగ్రీల దగ్గర 80,000 గంటలు నిలవాలి. రోజుకు ఎనిమిది గంటలు వాడినా 20,000 గంటలంటే ఏడేళ్లకు దగ్గర. కాబట్టి చౌక బోర్డు కొన్నవారు పెట్టవలసిన ఖర్చు కేబినెట్ వెనుక ఒక ఫ్యాన్ మీద. మాస్‌ఫెట్లకు హీట్‌సింక్ లేని బోర్డు మీదుగా గాలి నడిస్తే ఆ బోర్డు ఆయుష్షు పెరుగుతుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే వస్తువు కంప్యూటర్‌లో మరొకటి నాకు తెలియదు.

ఇక బయోస్. చౌక కంపెనీల అసలు బలహీనత హార్డ్‌వేర్‌లో కన్నా ఇక్కడే ఎక్కువ అన్నది నా అనుభవం. కొన్నేళ్ల కిందట నేనొక చౌక బోర్డు కొన్నాను. రెండేళ్లు ఏ ఇబ్బందీ పెట్టలేదు. తర్వాత అదే సాకెట్‌కు వచ్చిన కొత్త తరం ప్రాసెసర్ తెచ్చి బిగించాను. ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. పాత ప్రాసెసర్ మళ్లీ పెట్టి, కంపెనీ సైటులో ఆ మోడల్ పేజీ తెరిచి చూస్తే, బోర్డు విడుదలైన నెలలో పెట్టిన ఒకే ఒక్క బయోస్ ఫైలు ఉంది. అదే చిప్‌సెట్‌తో ఉన్న ఇతర కంపెనీల బోర్డులకు అప్పటికే ఆ ప్రాసెసర్ మద్దతు వచ్చేసింది. మూడుసార్లు రాసినా జవాబు రాలేదు, చివరకు ప్రాసెసర్ తిరిగి ఇచ్చేశాను. బోర్డు చెడిపోలేదు, దాన్ని తయారుచేసినవారు దాన్ని మరచిపోయారు. అప్పటి నుంచి ఏ బోర్డు కొనాలన్నా ముందు దాని బయోస్ పేజీ తెరిచి, ఎన్ని ఫైళ్లు వచ్చాయో, చివరిది ఏ తేదీదో చూసిన తర్వాతే మిగతా వివరాల జోలికి వెళ్తున్నాను.

మీ విషయంలో ఇది మరీ ముఖ్యం. 13, 14వ తరం ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజి అవసరానికి మించి పెరిగి, కాలక్రమంలో చిప్ క్షీణించే లోపం 2024లో బయటపడింది. 65 వాట్లు, అంతకు పైబడిన ప్రాసెసర్లకు ఆ ప్రమాదం ఉందని ఇంటెల్ ఒప్పుకుంది, మీరు కోరుకుంటున్న ఐ7-13700 అందులోకే వస్తుంది. దానికి విరుగుడుగా ఇంటెల్ ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ అనే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణలు విడుదల చేసింది. ఆ సవరణలను కొనుగోలుదారులకు ప్రధానంగా చేర్చవలసింది బోర్డు తయారీదారుల బయోస్ అప్‌డేట్లే. అంటే మీ బోర్డు కంపెనీ 2024 సెప్టెంబరు తర్వాత ఆ మోడల్‌కు బయోస్ ఇవ్వకపోతే, మీరు కొనబోయే ఖరీదైన ప్రాసెసర్ ఆ రక్షణ లేకుండా నడుస్తుంది. మీ 12400కు ఈ బెడద లేదు, ఈ లోపం 12వ తరానికి సంబంధించినది కాదు. ఏఎండీ పక్షాన కూడా ఇలాంటిదే జరిగింది. 2023 ఏప్రిల్‌లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్‌లోనే కాలిపోయిన తర్వాత, ఎస్‌ఓసీ వోల్టేజిని (ప్రాసెసర్‌లో కోర్లు కాని భాగాలకు అందేది) 1.3 వోల్టుల దగ్గర ఆపే కొత్త బయోస్‌లు విడుదలయ్యాయి. ఆ ఉదంతంలో ఖరీదైన బోర్డులు కూడా ఉన్నాయి. తప్పు ఎవరికైనా జరగవచ్చు, దిద్దుబాటు ఎంత త్వరగా మన ఇంటికి చేరుతుందన్నదే కంపెనీకీ కంపెనీకీ తేడా. ఆ చౌక కంపెనీ మోడల్ పేజీలో ఏడాదికి రెండు మూడు బయోస్‌లు వస్తున్నట్లు కనిపిస్తే నాకు ఆ కంపెనీ మీద గౌరవం కలుగుతుంది, పేరు ఉన్నా లేకపోయినా. అదే పేజీలో ఏ ప్రాసెసర్‌కు ఏ బయోస్ నుంచి మద్దతు ఉందో చెప్పే జాబితా కూడా ఉంటుంది. అందులో 12400 పేరూ, మీరు తర్వాత కొనదలచిన ప్రాసెసర్ పేరూ రెండూ ఉన్నాయో లేదో చూడండి.

వారంటీ గురించి ఎన్నేళ్లు అని మాత్రమే అడగడం చాలదు. బోర్డు చెడితే ఎక్కడ ఇవ్వాలి, ఎన్ని రోజులు పడుతుంది, మార్చి ఇస్తారా లేక బాగుచేసి ఇస్తారా, ఆ బాధ్యత తయారీదారుదా అమ్మినవారిదా అని అడగాలి. ఎందుకంటే మదర్‌బోర్డు పోవడం ఎస్‌ఎస్‌డీ పోవడం లాంటిది కాదు. కంప్యూటర్ మొత్తం విప్పాలి, మళ్లీ బిగించాలి. విండోస్ లైసెన్సు ఓఈఎం రకమైతే అది ఆ బోర్డుకే కట్టుబడి ఉంటుంది కాబట్టి బోర్డు మారితే యాక్టివేషన్ చిక్కు వస్తుంది. ఇంతకన్నా బాధాకరమైనది ఇంకొకటి ఉంది. విండోస్ 11 ఉన్న చాలా కంప్యూటర్లలో డిస్కు ఎన్‌క్రిప్షన్ తాళం టీపీఎం అనే భద్రతా భాగంతో ముడిపడి ఉంటుంది. బోర్డు మార్చగానే తెర నీలంగా మారి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది ఎక్కడా దాచుకోనివారు అందులోని ఫోటోలన్నీ పోగొట్టుకుంటారు. బోర్డు చౌకదైనా ఖరీదైనదైనా కంప్యూటర్ సిద్ధమైన రోజే ఆ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి, ఫోటోల నకలు వేరే డిస్కులో ఉంచండి.

మిగిలిన పొదుపులు చిన్నవి. వెనుక యూఎస్‌బీ పోర్టులు తక్కువ ఉంటాయి, ఫ్యాన్ కనెక్టర్లు రెండే ఉండవచ్చు, హెడ్‌ఫోన్లలో సన్నని బురబుర వినిపించవచ్చు. మీ దగ్గరున్న మానిటర్‌కు ఏ కేబుల్ కావాలో చూసుకుని, ఆ పోర్టు వెనుక ఉందని నిర్ధారించుకోండి. నెట్‌వర్కు పోర్టు గిగాబిట్‌దేనని కూడా చూడండి, ఎందుకంటే మరీ చౌక బోర్డుల్లో కొన్ని ఇప్పటికీ 100 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతున్నాయి. చౌక బోర్డులు కొన్ని వెడల్పు తగ్గించి తయారుచేస్తారు కాబట్టి, కుడి అంచు కేబినెట్ స్క్రూల మీద ఆనకుండా గాలిలో తేలుతుంది. ర్యామ్ నొక్కేటప్పుడు, 24 పిన్నుల పవర్ కేబుల్ గుచ్చేటప్పుడు ఆ అంచు కిందికి వంగడం చేతికి తెలుస్తుంది. అందుకే ప్రాసెసర్, కూలర్, ర్యామ్ ఈ మూడూ బోర్డును బల్ల మీద చదునుగా పెట్టి బిగించి, ఆ తర్వాతే కేబినెట్‌లోకి దించండి. పవర్ కేబుల్ గుచ్చేటప్పుడు మరో చేతి వేళ్లు అంచు కింద ఆనించి పట్టుకోండి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. చౌక కంపెనీ బోర్డులన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. నేను ఇంతసేపూ మాట్లాడింది ఈనాటి చిప్‌సెట్‌తో, సొంత సైటూ బయోస్ పేజీ వారంటీ ఉన్న కంపెనీల గురించి. ఇవేవీ లేకుండా, పాత సాకెట్లకు ‘కొత్త’ బోర్డులని చెప్పి అమ్మేవి వేరే జాతి. 2011 నాటి ఎక్స్79, 2014 నాటి ఎక్స్99 చిప్‌సెట్ల పేర్లతో వచ్చే కొత్త బోర్డులు చాలావాటిలో పాత బోర్డుల నుంచి ఊడదీసిన చిప్‌సెట్లే ఉంటాయి, కొన్నింటిలో పేరు ఒకటి, లోపలి చిప్ మరొకటి. ప్రయోగాలు చేసేవారికి అవి ఉపయోగపడతాయేమో కానీ పిల్లల చదువు ఆధారపడే కంప్యూటర్‌లో పెట్టడానికి నేను ఒప్పుకోను. మీరు చూస్తున్న బోర్డు హెచ్610 కాబట్టి ఆ భయం లేదు.

మీరు హెచ్610తోనే ఆగిపోతే, మిగిలే మూడో వంతు డబ్బును ఎస్‌ఎంపీఎస్‌లో పెట్టండి. మదర్‌బోర్డు దగ్గర పిసినారితనం వద్దన్న మిత్రులతో నేను విభేదించేది ఇక్కడే. ఎస్‌ఎంపీఎస్ నాసిరకమైతే ఎంత మంచి బోర్డునైనా పాడుచేస్తుంది, పోతూపోతూ ఎస్‌ఎస్‌డీనీ తనతో తీసుకుపోగలదు. మంచి ఎస్‌ఎంపీఎస్ మీద చౌక బోర్డు ఏళ్లతరబడి నడవడం నేను చూశాను, దీనికి తిరగేసి పెట్టినవారు మాత్రం తరచుగా మళ్లీ కొనవలసి వచ్చింది. ఐ7 ఆలోచన వదులుకోలేనిదైతే ఆ డబ్బును బీ660 లేదా బీ760 బోర్డు వైపు మళ్లించండి. అప్పుడు మీరు వెతకవలసినవి ఎనిమిది పిన్నుల పవర్ కనెక్టర్, మాస్‌ఫెట్ల మీద స్క్రూలతో బిగించిన హీట్‌సింక్, నాలుగు ర్యామ్ స్లాట్లు, 2024 సెప్టెంబరు తర్వాతి తేదీ ఉన్న బయోస్. రెండు మూడేళ్ల తర్వాత మీరు ఐ7 కొంటారో లేదో మీకే అనుమానంగా ఉంటే మాత్రం హెచ్610 దగ్గరే ఆగండి. ఎప్పుడో చేయబోయే మార్పు కోసం ఈరోజు డబ్బు పెట్టి, ఆ మార్పు ఎన్నడూ చేయనివారినే నేను ఎక్కువగా చూశాను.

ఏ బోర్డు కొన్నా, వాపసు ఇచ్చే గడువు లోపలే దాన్ని పరీక్షించండి. మొదటి రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపి వదిలేయండి, ఉదయానికి ఒక్క తప్పు కూడా చూపించకూడదు. తప్పులు కనిపిస్తే ర్యామ్ స్టిక్‌లను ఒక్కొక్కటిగా అదే స్లాట్‌లో పెట్టి మళ్లీ పరీక్షిస్తే, లోపం స్టిక్‌దో స్లాట్‌దో తేలుతుంది. మర్నాడు కేబినెట్ మూత బిగించి, ఒక తెర మీద ఉష్ణోగ్రతలూ వాట్లూ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి పెట్టుకుని, ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసే సినీబెంచ్‌ను అరగంట ఆపకుండా నడపండి. 12400 అన్ని కోర్ల మీదా పని పడినప్పుడు 4 గిగాహెర్ట్‌జ్ దగ్గర నడవాలి. కొద్దిసేపటి తర్వాత వాట్లు సరిగ్గా 65 దగ్గర స్థిరపడి వేగం కొంచెం తగ్గితే అది లోపం కాదు, ఇంటెల్ నిర్ణయించిన దీర్ఘకాలిక పరిమితిని బోర్డు పాటిస్తున్నదని అర్థం. వాట్లు 65 కన్నా కిందికి పడిపోయి, ప్రాసెసర్ ఉష్ణోగ్రత మామూలుగానే ఉండి, వేగం మాత్రం మెట్లు మెట్లుగా దిగుతూ పోతుంటే వీఆర్‌ఎం వేడెక్కి చేతులెత్తేస్తోందన్నమాట. వెనుక ఫ్యాన్ పెట్టాక కూడా అదే తీరు కనిపిస్తే, ఆ తెరను ఫోటో తీసుకుని, బోర్డు విప్పి, ప్రాసెసర్ సాకెట్ మీద ప్లాస్టిక్ మూత మళ్లీ పెట్టి, వచ్చిన అట్టపెట్టెలోనే వాపసు ఇచ్చేయండి. ఆ మూత లేకుండా పంపితే సాకెట్ పిన్నులు వంగాయన్న కారణంతో తీసుకోకపోవచ్చు, అందుకే కొన్న రోజున దాన్ని పారేయకుండా జాగ్రత్త చేయండి.